పిలిచిందెవరు?

బీపీ మిషన్ మీద రెండు వందల ఇరవై నాలుగు అంకె కనపడగానే, ఏఎన్ఎం దుర్గాశ్రీ కుసుమ చేతికున్న పట్టీ విప్పేసి, మిషన్ పాడైపోయిందేమోనని తన చేతికే కట్టుకుని చూసుకుంది.

తనది నూట పద్దెనిమిది. మిషన్ బాగానే ఉంది. మళ్ళీ కుసుమకి కట్టింది. రెండు వందల ఇరవై రెండు. కింద అంకె నూట ముప్ఫై ఆరు.

"అక్కా, తల తిరుగుతోందా? చూపు మసగ్గా ఉందా?"

"ఏం లేదు. తొందరగా కానియ్యి. నా బుట్ట అలాగే ఉండిపోయింది."

ఆ సోమవారం అంబాజీపేట కొబ్బరి షెడ్డులో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. కురిడీ ఒలిచే ఆడవాళ్ళంతా చేతులు దులుపుకుంటూ వరుసలో నిలబడ్డారు. కాయలో నీరంతా ఇంకిపోయి, లోపలి కొబ్బరి బంతిలా విడిపడి, ఊపితే గలగలలాడాలి. అదీ కురిడీ. పెంకు చుట్టూ కత్తి వెనకతో తడుతూ, బంతికి గీత పడకుండా పెంకు ఊడదీయాలి. దెబ్బ కాస్త గట్టిగా పడితే సరుకు ముక్కల్లోకి పోతుంది. పన్నెండేళ్ళుగా కుసుమ చేతిలో బంతి పగలడం ఆ షెడ్డులో ఎవరూ చూడలేదు. పక్కన టపాకాయ పేలినా ఆమె చెయ్యి తొణకదు. ఎవరైనా వెనకనుంచి గట్టిగా పిలిస్తే మాత్రం కత్తి కింద పడేస్తుంది. ఆ సంగతి తెలుసు కనక ఆమెని షెడ్డులో ఎవరూ పిలవరు. దగ్గరికొచ్చి భుజం తడతారు.

డాక్టర్ కృష్ణమోహన్‌కి ముప్ఫై ఏళ్ళు దాటి ఉండవు. పొద్దుటినుంచి రెండు వందలమందిని చూసి విసిగిపోయి ఉన్నాడు. ఈసీజీ కాగితం బల్లమీద పరిచి, కుసుమని ఎగాదిగా చూశాడు.

"ముప్ఫై నాలుగేళ్ళకి ఇదేంటమ్మా? బీపీ ఎప్పట్నుంచి ఉంది?"

"పాప కడుపులో ఉన్నప్పుడు చెప్పేరండి. పదేళ్ళయింది."

"మందులు?"

"వేసుకుంటానండి. తలనొప్పొచ్చినప్పుడు."

"అదేమన్నా తలనొప్పి బిళ్ళా?" అని కసురుకున్నాడు. "చూడు, గుండె ఎడమ గోడ మందమెక్కిపోయింది. ఇలాగే వదిలేస్తే పక్షవాతం రావొచ్చు, కిడ్నీలు పోవచ్చు. ఏది ముందొస్తుందో నేను చెప్పలేను. పాప ఏం చదువుతోంది?"

"నాలుగో తరగతండి."

"పదికొచ్చేసరికి నీకు అన్నం కలిపి పెడుతుంది. అలా కావాలా?"

డాక్టర్ కలం తీశాడు.

"మీ అమ్మకి బీపీ ఉండేదా?"

"జ్వరంతో పోయిందండి. నాకు పదకొండేళ్ళప్పుడు."

"నాన్నకి?"

"ఆయన్ని నేనే చంపేనండి."

రేషన్ కార్డు నంబరు చెప్పినట్టు చెప్పింది. డాక్టర్ కలం ఆగిపోయింది. దుర్గాశ్రీ చేతిలో పట్టీ అలాగే ఉండిపోయింది.

"కాయల దింపుకి చెట్టెక్కేరండి. పలివెల దగ్గర తోట. నేను కిందనుంచి నాన్నా అని పిలిచేను. ఇటు తిరిగేరు, పడిపోయేరు. నాకప్పుడు ఏడేళ్ళు." డాక్టర్ మొహం చూసి, ఊరివాడు కాడు గదా అని విడమరిచి చెప్పింది. "చెట్టు మీదున్న మనిషిని పిలవకూడదండి. పనుంటే మొదలు మీద కత్తి వెనకతో మూడు దెబ్బలు కొట్టాలి. పైనున్నాయన రెండు చేతులతో చెట్టు పట్టుకుని అప్పుడు కిందకి చూస్తాడు. పిలిస్తే చూపు ముందు తిరిగిపోద్దండి. దింపు ముఠాల్లో పసిపిల్లలక్కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసే పిలిచేను."

"ఆయన పడడం నువ్వు కళ్ళారా చూశావా?"

కుసుమ నోరు తెరిచింది. చేతికి ఒరుసుకున్న క్యారేజీ పిడి గుర్తుంది. గట్టు మీద బురద గుర్తుంది. మగవాళ్ళ కాళ్ళు గుంపుగా అడ్డం నిలబడి ఉండటం గుర్తుంది. పడటం ఎక్కడ? ఎంత వెతికినా ఆ ముక్క దొరకలేదు.

"అందరూ చెప్పేరండి."

"అందరూ అంటే?"

"మా పెదనాన్నండి. ముఠాకి మేస్త్రీ ఆయనే."

డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతులో విసుగు తగ్గింది.

"చిన్నప్పుడే తల్లో తండ్రో పోయి, పైగా ఇలాంటి నింద మోస్తూ పెరిగినవాళ్ళలో బీపీ, షుగరు, గుండెజబ్బులు ఎక్కువగా కనపడుతున్నాయమ్మా. భయపడ్డప్పుడు ఒళ్ళు ఎలా బిగుసుకుంటుందో, కొందరిలో ఏళ్ళ తరబడి అలాగే బిగుసుకుని ఉంటుంది. రక్తనాళాలకి ఆ అలవాటు పోదు. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. నీకు దీనివల్లే వచ్చిందని రాసివ్వమన్నా రాసివ్వలేను. కానీ మందులతో పాటు ఆ సంగతి కూడా తేల్చుకో." రెండు రకాల బిళ్ళలు రాసి, చీటీ దుర్గాశ్రీకి ఇచ్చాడు. "ఒకటి ఇక్కడే వేయించు. గంట కూర్చోబెట్టు. శుక్రవారం ఇంటికెళ్ళి మళ్ళీ చూడు. దిగకపోతే అమలాపురం పంపించేద్దాం."

* * *

సాయంత్రానికి ఆ వార్త కుసుమ కంటే ముందే ఇంటికి చేరింది.

"బీపీ అటగా?" గుమ్మంలోనే ఎదురైంది పెద్దమ్మ వీరాయమ్మ. "నీకేం కష్టమొచ్చిందే బీపీ రావడానికి? ఈ చేత్తో ముద్ద కలిపి పెట్టేం. పెళ్ళి చేసేం. మీ ఆయన కువైట్ పోతే మా దొడ్లోనే గది ఇచ్చేం. ఇంకా ఏం తక్కువ చేసేమని డాక్టర్ దగ్గర ఏడ్చుకున్నావు?"

"నేనేం ఏడవలేదు పెద్దమ్మా."

"మీ నాన్న మాట ఎత్తేవట. ఆ షెడ్డు నిండా చెవులే."

అరుగు మీద పెదనాన్న సూర్యారావు కత్తులు నూరుకుంటున్నాడు. డెబ్బై నాలుగేళ్ళు. చెట్టెక్కడం మానేసి పదిహేనేళ్ళయినా ముఠా ఇంకా ఆయన మాట మీదే నడుస్తోంది. ఏ చెట్టు ఎవరెక్కాలో, ఏ చెట్టు తడిసి జారుతోందో, ఏ పూట ఆపాలో ఆయనే చెప్తాడు. ఆయన వద్దన్న చెట్టెక్కి ఒకడు కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన ఎక్కమన్న చెట్టుని ఎవరూ అనుమానించరు. తల ఎత్తకుండానే రాయి మీద నీళ్ళు చల్లాడు.

అప్పుడే కీర్తి బడి సంచీతో గేటు తోసుకుని వచ్చింది. చేతిలో ఏదో కాగితం.

"అమ్మా! అమ్మా! నాకు ఫస్టొచ్చింది!"

కుసుమ మెడలో నరం ఒక్కసారి ఎగిరింది. గోడ పట్టుకుంది. పిల్ల సంతోషంతో పిలిచిందని తెలుస్తూనే ఉంది. ఒళ్ళు మాత్రం వినిపించుకోలేదు.

"అరవకే!" సూర్యారావు కత్తి రాయి మీద పెట్టి పిల్లని గద్దించాడు. "మీ అమ్మ ఇలాగే అరిచి వాళ్ళ నాన్నని మింగేసింది. నువ్వెవర్ని మింగుతావు? నీ ఎదురుగా ఉన్నది అదొక్కతే."

కీర్తి చేతిలో కాగితం మెల్లగా కిందికి దిగింది. తాత మొహం చూసింది, అమ్మ మొహం చూసింది.

"పిల్లతో ఆ మాటలెందుకండీ పెదనాన్నా," అంది కుసుమ.

"నిజం చెప్తే తప్పా? తెలియాలి. తెలిస్తే నోరు అదుపులో ఉంటాది."

ఏడేళ్ళప్పుడు తనతోనూ ఈ మాటే అన్నాడని కుసుమకి గుర్తొచ్చింది. అప్పుడు కూడా ఇలాగే తల ఎత్తకుండా అన్నాడు.

* * *

బుధవారం పొద్దు కుంకే వేళకి కుసుమ ఇంటికొచ్చేసరికి గదిలో బడి సంచీ ఉంది, పిల్ల లేదు. పక్కింటికెళ్ళింది. లేదు. కాలవగట్టు దాకా నడిచింది. అక్కడా లేదు. బిళ్ళలు పడ్డాక రెండు రోజులుగా కాస్త తేలిగ్గా ఉన్న తల మళ్ళీ దిమ్మెక్కింది. పేరు పెట్టి పిలవడానికి గొంతు రాలేదు. తనకి అది అలవాటు లేదు.

దొడ్లో స్నానాలగది తలుపుకి బయట గెడ వేసి ఉంది. ఊరికే, అన్నీ చూసినట్టే అదీ చూద్దామని గెడ తీసింది.

కీర్తి లోపల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. యూనిఫాం చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. దోమలు కుట్టి చేతులు దద్దుర్లెక్కాయి. పిల్ల ఏడవడం లేదు.

"ఎప్పట్నుంచి ఉన్నావే ఇక్కడ?"

"బళ్ళోంచి వచ్చినప్పట్నుంచి. ఎవరో గెడ పెట్టేసేరు."

రెండు గంటలు. పది అడుగుల దూరంలో వీరాయమ్మ టీవీ చూస్తోంది.

"మరి పిలవలేదేం? తలుపైనా కొట్టలేదేం?"

కీర్తి అమ్మ చెవి దగ్గరికొచ్చి, ఎవరికైనా వినపడుతుందేమో అన్నంత చిన్నగా చెప్పింది.

"పిలిస్తే నువ్వు పడిపోతావని."

వీరాయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కుక్కలు దూరుతున్నాయని రోజూ పెట్టే గెడే. లోపల మనిషుందని నాకేం తెలుసు? నోరు లేదా దానికి?"

కుసుమ ఆమె వైపు చూసింది. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి తల దించకుండా చూసింది. వీరాయమ్మే గొణుక్కుంటూ లోపలికి పోయింది.

* * *

గురువారం షెడ్డుకి వెళ్ళి కుసుమ కురిడీల దగ్గర కూర్చోలేదు. నేరుగా వెనక పాకలోకి నడిచింది. అక్కడ గణపతి కాయ వలుస్తున్నాడు. ఒకప్పుడు సూర్యారావు ముఠాలో చెట్లెక్కినవాడే. మోకాళ్ళు పోయాక నేలలో పాతిన గునపం దగ్గర కుదురుకున్నాడు. మొన మీద కాయ గుచ్చి, ఒక మెలి తిప్పి, పీచు డొక్క ఊడబెరికి, కాయని పక్కకి విసురుతాడు. మూడు పోట్లకి ఒక కాయ.

"బాబాయ్ గారూ, మా నాన్న పడ్డ రోజు మీరెక్కడున్నారు?"

కాయ మొన మీదే ఆగింది.

"ఇప్పుడా మాటెందుకమ్మా?"

"నాకు బీపీ రెండొందల ఇరవై నాలుగండి. పక్షవాతం వస్తాదన్నారు డాక్టర్ గారు. నా కూతురు నిన్న రెండు గంటలు స్నానాలగదిలో నోరు మూసుకుని నిలబడింది. పిలిస్తే నేను చచ్చిపోతానని దాని భయం. నేను మిమ్మల్ని బతిమాలడానికి రాలేదు. చెప్పండి."

గణపతి చుట్టూ చూశాడు. పాకలో ఎవరూ లేరు.

"పక్క చెట్టు మీదున్నాను."

"నేను పిలవడం విన్నారా?"

"ఆయ్. విన్నానమ్మా."

తను పిలవనే లేదంటాడేమోనని ఆశపడి వచ్చింది కుసుమ.

"నాన్నా అని మూడుసార్లు పిలిచేవు," అన్నాడు గణపతి, డొక్క వైపు చూస్తూ. "అప్పటికే నేను దిగిపోయి, మీ నాన్న మొహం మీద నా తువ్వాలు కప్పేసేను. నువ్వు గట్టు మీంచి క్యారేజీ పట్టుకుని వచ్చేవు. చెట్టు మీద నాన్న కనపడక పిలిచేవు. మా కాళ్ళ మధ్యలోంచి దూరి రాబోతే నేనే నిన్ను ఎత్తుకుని అవతలకి తీసుకుపోయేను."

షెడ్డులో కత్తుల చప్పుడు ఎక్కడో దూరంగా వినపడుతోంది.

"మరి నేను రాకముందు? ఆయన ఎలా పడ్డారు?"

"ఎవరో పిలిచేరు."

"ఎవరు?"

"మగ గొంతమ్మా. అంతకంటే నన్నడక్కు."

"ఇరవై ఏడేళ్ళుగా రోజూ మీ ముందునుంచే నడిచెళ్తున్నాను. ఒక్కరోజు నోరు రాలేదా మీకు?"

"మేస్త్రీ ఏం చెప్పమంటే అది చెప్పేం. కాదంటే మర్నాడు మమ్మల్ని పనిలోకి పిలిచేదెవరు? నీకు ఏడేళ్ళు. మాకు పిల్లలున్నారు." అని చటుక్కున ఆగిపోయాడు. అన్న మాట తనకే వినపడినట్టుంది.

కుసుమ వలిచిన కాయల పోగుని ఒక్క తన్ను తన్నింది. పాకంతా దొర్లాయి. గణపతి వంగి ఒక్కొక్కటే ఏరుకోవడం మొదలుపెట్టాడు.

* * *

శుక్రవారం పొద్దున్నే దుర్గాశ్రీ స్కూటీ గేటు ముందు ఆగింది. అప్పటికి ముఠా బయల్దేరబోతోంది. సూర్యారావు కొడుకు నాగసతీష్ చెట్టెక్కేటప్పుడు పాదాలకి వేసుకునే కాళ్ళబంధం భుజానికి తగిలించుకున్నాడు. ఇమ్మానుయేలు, బుజ్జిబాబు కత్తులకి పదును చూసుకుంటున్నారు. సూర్యారావు అరుగు మీదనుంచి పని పంచుతున్నాడు.

"సతీషూ, చెరువుగట్టు మీద వంకర చెట్టు నువ్వెక్కు. ఇమ్మానుయేలూ, నువ్వు దాని జోలికెళ్ళకు, నీకు ఒడుపు చాలదు."

"ఆయ్, అలాగేనండి."

దుర్గాశ్రీ కుసుమకి పట్టీ కట్టింది. నూట డెబ్బై ఎనిమిది. "దిగుతోందక్కా. ఇంకా దిగాలి. మానకు." తర్వాత మర్యాదకి అరుగు వైపు తిరిగింది. "పెద్దయ్యగారూ, వచ్చేను కదా, మీరూ చెయ్యివ్వండి."

సూర్యారావు నవ్వుతూ చెయ్యి చాపాడు. నూట ఇరవై ఆరు. కింద ఎనభై.

"కుర్రాళ్ళకి కూడా ఇంత బాగుండదండి!"

"విన్నారా?" సూర్యారావు ముఠా వైపు చూసి తొడ మీద చరుచుకున్నాడు. "డెబ్బై నాలుగు నడుస్తోంది. బిళ్ళ మింగి ఎరగను. పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు. మనసులో ఏదీ పెట్టుకోకూడదమ్మా. ఇదిగో, దీని రోగం అదే. చిన్నప్పట్నుంచీ అన్నీ తవ్వుకుని ఏడ్చే బుద్ధి."

కుసుమ మెట్టు దిగి అరుగు ముందుకొచ్చింది. కీర్తి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఉంది. లోపలికి పొమ్మనలేదు.

"మా నాన్నని పిలిచింది ఎవరు పెదనాన్నా?"

"ఏంటే?"

"నేను వచ్చేసరికి ఆయన మొహం మీద తువ్వాలుంది. గణపతి బాబాయ్ కప్పేరు. చచ్చిపోయిన మనిషిని పిలిచేను నేను. బతికున్న మనిషిని పిలిచిందెవరు? నువ్వు చెప్పు."

"పెదనాన్నని పట్టుకుని 'నువ్వు' అంటావా?" గుమ్మంలోంచి వీరాయమ్మ కేకేసింది. "తిన్న ఇంటికే..."

"మీరాగండి పెద్దమ్మా. తిన్నాను. తిన్న ప్రతి ముద్దకీ ఆ మాట నంజుకునే తిన్నాను."

"ఆ గణపతిగాడు తాగుబోతు," అన్నాడు సూర్యారావు. దుర్గాశ్రీ పట్టీ విప్పబోతే చెయ్యి విదిలించుకున్నాడు. "వాడి మాట పట్టుకుని నా గుమ్మంలో పంచాయితీయా? సామాన్లు సర్దుకో. ఈ పూటే గది ఖాళీ చెయ్యి."

"చేస్తాను. చెప్పేక చేస్తాను."

"పోరా, మీరెళ్ళండి పనికి!" అని ముఠా మీద అరిచాడు. "పొద్దెక్కిపోతోంది. ఏం చూస్తున్నారు?"

ఇమ్మానుయేలు కదలబోయాడు. నాగసతీష్ కదల్లేదు. భుజం మీది బంధం తీసి, అరుగు మీద తండ్రి పక్కన పెట్టాడు.

"ఏంట్రా?"

"చెప్పు నాన్నా," అన్నాడు మెల్లగా. "నువ్వెక్కమన్న చెట్టల్లా ఎక్కుతున్నాను. పైనున్నప్పుడు నాకు నువ్వు తప్ప కింద ఎవరూ లేరు. చెప్పేదాకా నేను ఎక్కను."

బుజ్జిబాబు కత్తి కింద పెట్టాడు. ఇమ్మానుయేలు కూడా పెట్టాడు. సూర్యారావు ఆ రెండు కత్తుల వైపూ, కొడుకు వైపూ చూశాడు. చేతికి వేలాడుతున్న పట్టీ తనే పీకి పడేశాడు.

"అవునే. నేనే పిలిచేను. ఏం చేస్తావిప్పుడు? జైల్లో పెట్టిస్తావా? పెట్టించుకో. ఏ పగా లేదు, ఏ గొడవా లేదు. ఆకలేసింది, అంతే. పొద్దుటినుంచి ఒక్కటే దింపు, కడుపులో మంట. గట్టు చివర నువ్వు కనపడ్డావు, క్యారేజీ ఊపుకుంటూ వస్తున్నావు. ఒరే ప్రకాశరావూ, నీ కూతురు అన్నం తెస్తోందిరా, దిగు అన్నాను. మూడు దెబ్బలు కొట్టడానికి చేతిలో కత్తుంది. కొట్టలేదు. ముఠా మొత్తానికి ఆ పాఠం చెప్పినోణ్ణి నేనే, నేనే నోరు జారేను. వాడు ఇటు తిరిగేడు. నువ్వు కనపడ్డావు కాబోలు, చెయ్యి ఊపేడు. నవ్వేడు కూడా. ఆ ఊపిన చెయ్యి మళ్ళీ చెట్టుకి అందలేదు. పదకొండుమంది చుట్టూ చేరేరు. పిలిచిందెవరని అందరూ మొహాలు చూసుకుంటున్నారు. మేస్త్రీయే పిలిచేడంటే రేపు నా మాట మీద చెట్టెక్కేదెవడు? అప్పుడే నువ్వొచ్చి నాన్నా నాన్నా అని పిలిచేవు. ఇదే పిలిచింది, దీనివల్లే పడ్డాడు అనేసేను. మాట అలా వచ్చేసింది. తర్వాత వెనక్కి తీసుకోడానికి కుదరలేదు, రోజూ అదే అనాల్సొచ్చింది. నీ మీద కోపం లేదే నాకు. అప్పుడూ లేదు. ఏడేళ్ళ పిల్లవి, నీకేం తెలుస్తాది, నాలుగు రోజుల్లో మర్చిపోతావనుకున్నాను."